నాపరాళ్ళ నడుమ నాభి పాదు

పెదనాన్న పోయాడని కార్డు వచ్చింది. నాలుగే వరుసలు. రాసింది ఆయన కొడుకైనా మాటల తీరు మాత్రం అచ్చం తండ్రిదే. "నాన్న శుక్రవారం పోయాడు. చానా బాధేం పడలేదు. పదో రోజుకి రండి. రాకపోయినా ఏం అనుకోం." అప్పటికి మేం మాచర్ల వదిలి నరసరావుపేటలో కాపురం పెట్టి నాలుగేళ్ళు. కార్డు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చాక గాని తెలివి రాలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మాచర్లలో వెల్దుర్తి వెళ్ళే రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట ఆయన ఇల్లు. ఆ ఆవరణలోనే ఎదురుగా ఉన్న రెండు గదులు మాకు అద్దెకిచ్చారు. మా ఆయన నాపరాళ్ళ లారీ డ్రైవరు. కాపురానికి వచ్చిన మొదటి రోజు నేను ఆ ఇంటాయన్ని "ఏమండీ" అని పిలిచాను. "ఏమండీ ఏంది, నేనేమన్నా తాసిల్దార్నా? పెదనాన్నా అను" అన్నాడు. ఇక ఆయన పెదనాన్న, ఆయన భార్య పెద్దమ్మ అయిపోయారు.

నాపరాయి గనిలో ముప్పయ్యేళ్ళు పని చేసిన మనిషి. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. కుడి మోకాలు వంగదు. రాతి దుమ్ము ఛాతీలో చేరి, నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి దగ్గేవాడు. గనిలో ఉండగా రాయిని వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడట. పని మానేసినా ఆ అలవాటు మానలేదు. కుండ, తలుపు చెక్క, పుచ్చకాయ, మా ఆయన ముచ్చటపడి కొన్న రేడియో, ఏది కనపడినా టక్కుమని ఒకటి కొట్టి చూసేవాడు. ఒకసారి మా ఆయన వీపు మీద కూడా కొట్టి, "డొల్లగా ఉందిరా, తింటన్నావా లేదా?" అన్నాడు.

దేన్నీ బాగుందని అనేవాడు కాదు. పెద్దమ్మ గోంగూర ఎంత కమ్మగా చేసినా "పర్లేదు". కొడుక్కి పిడుగురాళ్ళలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజూ "పర్లేదు". అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

మేం ఆ ఇంట్లో దిగింది వైశాఖంలో. రెంటచింతల నుంచి వచ్చే గాలి కొలిమి మీదుగా వచ్చినట్టు ఉండే రోజులు. వాకిట్లో ఒక మూల, నాలుగు నాపరాళ్ళు మోకాలెత్తున నిలబెట్టి చుట్టూ దడి కట్టిన స్థలం ఉంది. అందులో గడ్డిపోచ కూడా లేదు. పైన ఎండుటాకులు కప్పి ఉన్నాయి, అంతే. నేను ఒక రోజు అంట్లు తోమిన నీళ్ళు అందులో పోయబోయాను.

"ఓయ్ అమ్మాయ్! పొయ్యబాక!" అని మంచం మీదినుంచే కేక పెట్టాడు.

"ఏముంది పెదనాన్నా ఇందులో?"

"నిద్రపోతంది. లేపబాక."

నాకేం అర్థం కాలేదు. పెద్దమ్మ నవ్వి చెప్పింది. అందులో ఉన్నది నాభి గడ్డ. వెల్దుర్తి దాటాక కొండల్లో తొలకరికి మొలిచి, చెట్ల మీదికి పాకి, శ్రావణంలో పూసే తీగ. చలి ముదిరేసరికి తీగ ఎండిపోతుంది. ఎండాకాలమంతా గడ్డ నేలలోనే పడుకుంటుంది. ఆ గడ్డ విషం. అందుకే పిల్లలు, మేకలు పోకుండా ఆ రాళ్ళ దడి.

"కొండల్లో ఉండాల్సిందాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. ఎవరన్నా వింటే నవ్వుతారు" అంది పెద్దమ్మ.

నవ్వడమే కాదు, తిట్టినవాళ్ళూ ఉన్నారు. "పిల్లాజెల్లా తిరిగే చోట నాభి ఏందయ్యా?" అని పక్కింటివాళ్ళు గొడవకు వస్తే, "మీ ఇంట్లో పురుగుమందు డబ్బా మంచం కిందనే గదా ఉండేది? నాది రాళ్ళ దడిలో ఉంది" అన్నాడు. ఆ వీధి పిల్లల్ని మాత్రం ఒక్కొక్కర్నీ పిలిచి పూవు చూపించి, "చూడండి, ముట్టుకోబాకండి" అని చెప్పి, వాళ్ళ చేత కూడా రెండుసార్లు అనిపించేవాడు. తను పాదులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. పూజకు నాలుగు పూలు అడిగిన ఆమెకు కూడా ఇవ్వలేదు. "దేవుడికి నందివర్ధనాలు లేవా?" అన్నాడు. ఒకసారి ఎవరో మాస్టారు వచ్చి, ఈ తీగ వల్ల ఉపయోగం ఏమిటని అడిగాడు. పెదనాన్న ఆయన్ని కింది నుంచి పై దాకా చూసి, "నీ వల్ల ఏందో చెప్పు, తర్వాత నేను చెప్తా" అన్నాడు.

ఆ తీగని ఊళ్ళో బతికించడానికి మూడేళ్ళు పట్టిందట. మొదటి రెండేళ్ళు నల్లమట్టిలో పెడితే గడ్డ కుళ్ళిపోయింది. మూడో ఏడు తొట్టిలో పెడితే మొలిచి, ఎండకు మాడింది. "కొండది గదా, కాళ్ళకింద తడి నిలిస్తే చస్తది. నెత్తిన నీడ లేకపోయినా చస్తది" అనేవాడు. వాకిలంతా రాతి నేల. పనికిరాని మోకాలితోనే గునపం పట్టుకుని ఆ రాయిని నడుము లోతు పగలగొట్టాడు. అడుగున రాతి ముక్కలు పరిచాడు, నీళ్ళు నిలవకుండా. పైన కొండల్లో చెట్ల కింద కుళ్ళిన ఆకుమన్ను వేశాడు. ఆ మన్ను గోనెసంచిలో సైకిలు మీద పెట్టుకుని, తొక్కలేడు కాబట్టి నడిపించుకుంటూ తెచ్చాడు. అట్లా ఎన్నిసార్లు పోయివచ్చాడో పెద్దమ్మ లెక్క పెట్టడం మానేసింది. పడమటి ఎండ పడకుండా పక్కనే ఒక మునగ కొమ్మ నాటాడు. తీగ పాకడానికి ఎండు కంప నిలబెట్టాడు. అప్పుడు గాని నాలుగో ఏడు అది పూయలేదు.

నేను వచ్చిన ఏడు తొలి వానలు పడ్డ మూడో వారం, పొద్దున్నే తలుపు తీసేసరికి పెదనాన్న వాకిట్లో బోర్లా పడుకుని ఉన్నాడు. పడిపోయాడేమోనని పరుగెత్తాను.

"అరవబాక. చూడు."

మట్టి చీల్చుకుని లేత ఆకుపచ్చ ముక్కు ఒకటి బయటికి వచ్చి ఉంది. మోకాలు వంగదు కాబట్టి ఆయన దాన్ని చూడాలంటే పడుకోవాల్సిందే. రోడ్డు మీద పోయేవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. పెద్దమ్మ సిగ్గుతో, "లెయ్యి, మనుషులు పోయాడనుకుంటారు" అని చెయ్యి పట్టి లాగుతోంది. ఆయన మొలకతో, "ఏమే, ఇన్నాళ్ళా?" అంటున్నాడు.

నాకు పాప పుట్టింది ఆ మరుసటి ఏడు సంక్రాంతి దాటాక. నాలుగు నెలలు బతికింది. ఎండలు ముదిరిన రోజుల్లో విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆయన హైదరాబాదు లోడు దించి మర్నాటికి వస్తాడని, వచ్చాక లారీలో గుంటూరు తీసుకుపోదామని ఒక్క రోజు ఆగాను. పెద్దమ్మ ఇప్పుడే పోదాం పదమంటున్నా ఆగాను. ఆ ఒక్క రోజులోనే పోయింది.

తర్వాత అందరూ ఒకే మాట అన్నారు. చిన్నదానివి, మళ్ళీ పుడతారు, మరిచిపో. పాప పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నేను ఎత్తితే మాట మార్చేవాళ్ళు. ఉయ్యాల విప్పేశారు. చొక్కాలు ఎవరికిచ్చారో తెలియదు. మా ఆయన లారీ ఎక్కి పోయేవాడు. వారానికి ఒకసారి వచ్చి, మాట్లాడకుండా తిని పడుకుని, మళ్ళీ పోయేవాడు. ఆయనకూ దుఃఖమేనని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు ఆయన నన్ను చూడలేక పోతున్నాడని అనుకున్నాను. నేను ఆగడం వల్లనే పాప పోయిందన్న మాట ఒక్కటే నాకు పొద్దస్తమానం వినపడేది. శ్రావణం వచ్చేసరికి నాకు బతకాలని లేకుండా పోయింది. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఒక సాయంత్రం పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని గోనెసంచి కుట్టుకుంటున్నాడు. ఎదురుగా కంపంతా అల్లుకుని నాభి తీగ తొలి మొగ్గలు వేసి ఉంది.

"పెదనాన్నా, నాభి గడ్డ ఒకటి కావాలి."

"ఎందుకు?"

"తేలు మందుకంట. మా అమ్మ అడిగింది."

"ఎవరికి కుట్టింది?"

"మా మేనత్తకి."

"ఎప్పుడు?"

"మొన్న."

ఆయన సూది ఆపాడు. "మొన్న కుడితే ఇయ్యాళ మందేంది?" అని అడిగి, నా మొహం వైపు చూశాడు. నేను నేలకేసి చూశాను. ఆయనకు దగ్గు వచ్చింది, దగ్గాడు. నన్ను తిడతాడనో, పెద్దమ్మను పిలుస్తాడనో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"ఇస్తాలే. కాకపోతే ఇప్పుడు తవ్వితే పనికిరాదు. గడ్డలో సారమంతా తీగలోకి పోయుంటది. తీగ ఎండి చచ్చాక తవ్వాలి. కార్తీకం దాటాలి."

"అప్పటిదాకా ఆగాలా?"

"ఆగాలి."

ఆగమన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండే రోజులవి. ఆయన లెక్కచెయ్యలేదు.

"ఊరికే ఇయ్యను మళ్ళా. అప్పటిదాకా నువ్వే నీళ్ళు పొయ్యాల. నా మోకాలు సంగతి తెలుసు గదా. కళ్ళు కూడా ఆనట్లా. రోజూ ఎన్ని మొగ్గలున్నయ్యో చూసి నాకు చెప్పాల. కార్తీకం పోయిన మర్నాడు నీ చేతిలో పెడతా. మాటంటే మాటే."

మర్నాటి నుంచి నీళ్ళు పోశాను. ఆయన మీద కోపంతోనే పోశాను. చేతిపంపు దగ్గర బిందె నింపుకుని వచ్చి కుమ్మరిస్తే, అరుగు మీదినుంచి, "పొర్లిపారేట్టు పొయ్యబాక. చెంబుతో, చుట్టూతా. ఆ తీగేమన్నా నీకు బాకీ ఉందా?" అని అరిచేవాడు. వాన పడ్డ రోజు నీళ్ళ పని లేదు కదా అని రాకపోతే, "మొగ్గలు ఎన్ని?" అని మా గుమ్మం ముందుకొచ్చి అడిగేవాడు.

మొదట ఊరికే ఏదో ఒక అంకె చెప్పేదాన్ని. "నిన్న తొమ్మిదన్నావు, ఇయ్యాళ ఏడేంది? రెండు రాలితే కింద ఉండాలి గదా, చూడు" అనేవాడు. కళ్ళు ఆనవన్న మనిషికి ఆ లెక్క ఎట్లా తెలిసేదో. దాంతో దగ్గరికి పోయి నిజంగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్కపెట్టాలంటే చూడాలి. చూస్తే, ఆ తీగకు వేరే నులితీగలు లేవు. ఆకు కొసే సన్నగా సాగి, ఉంగరంలా చుట్టుకుని కంపను పట్టుకుంటుంది. మొగ్గ నేలకేసి తల వంచుకుని ఉంటుంది. విచ్చేటప్పుడు రేకలన్నీ వెనక్కి, పైకి తిరుగుతాయి. పూసిన రోజు ఆకుపచ్చ కలిసిన పసుపు. రెండు రోజులకి అంచులనుంచి ఎరుపు దిగుతుంది. వారం తిరిగేసరికి మొత్తం నిప్పుకణిక. ఒకే తీగ మీద అన్ని వయసుల పూలూ ఒక్కసారే ఉంటాయి. ఇదంతా ఎవరూ నాకు చెప్పలేదు. నేనే చూశాను. చూసినవి సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన ఎప్పుడో తెలిసిన సంగతులు మొదటిసారి వింటున్నట్టు, "అట్నా? రేకలు పైకి తిరిగినయ్యా?" అనేవాడు.

ఇంతలో మా ఆయనకు హైదరాబాదు లోడ్లు తప్పాయి. నరసరావుపేటకీ, రొంపిచర్లకీ దగ్గర లోడ్లు పడ్డాయి. పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చేవాడు. ఓనరే లోడ్లు మార్చాడని చెప్పాడు. పెద్దమ్మ కూడా, ఒక్కదానికి ఏం వండుకుంటావులే అంటూ మధ్యాహ్నం అన్నం తన వంటింట్లోనే పెట్టడం మొదలుపెట్టింది.

భాద్రపదంలో ఒక రోజు నీళ్ళు పోస్తుంటే పెదనాన్న అడిగాడు.

"పాపకి ఏం పేరు పెట్టావమ్మాయ్?"

ఆయనకు తెలియక కాదు. బారసాలనాడు ఆ వాకిట్లోనే భోజనం చేశాడు. చెంబు చేతిలోంచి జారిపోయింది. పేరు చెప్పాను. నా నోటితో నేను ఆ పేరు చెప్పి మూడు నెలలు దాటింది. ఆయన ఆ పేరును ఒకసారి మెల్లగా పలికాడు.

"మంచి పేరు" అన్నాడు.

నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. పాప పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఒక్క రోజు ఆగానని, ఆ ఆగడం వల్లే పోయిందని, మొత్తం చెప్పాను. ఆయన ఊరుకోమనలేదు. నీ తప్పు కాదని కూడా అనలేదు. వంగని కాలు చాపుకుని నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"నేనూ ఒకసారి ఆగమన్నా" అన్నాడు. "గనిలో. మా తమ్ముణ్ణి. బండ కింద ఉన్నాడు, బయటికి వస్తానన్నాడు. ఉండరా, ఇంకొక్క మేకు కొట్టేస్తే అయిపోద్ది అన్నా. కొట్టి చూసే చెప్పా బండ గట్టిగా ఉందని. వాడితోపాటు నా ఈ రెండు వేళ్ళూ అప్పుడు పోయినయ్యే."

పొద్దు వాలిందాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, పిలవకుండా లోపలికి వెళ్ళిపోయింది.

కార్తీకం వచ్చింది. తీగ కింది నుంచి పసుపుపచ్చగా మారింది. కాయలు పగిలి ఎర్రటి గింజలు కనపడ్డాయి. ఒక ఉదయం చూస్తే కంప మీద ఎండిన నార తప్ప ఏమీ లేదు. నాకు అడగడం గుర్తులేదు. అబద్ధం ఎందుకు, గుర్తుంది. అయితే అడగాలనిపించలేదు.

కార్తీకం వెళ్ళిన మర్నాడే ఆయన పిలిచాడు.

"అమ్మాయ్, ఇట్రా. మాట ఇచ్చాను గదా."

చిన్న గునపం పట్టుకుని పాదు పక్కన పడుకున్నాడు. ఆకుమన్ను మెల్లగా చేత్తో తీశాడు. నిరుటి పాత గడ్డ పీల్చుకుపోయి వట్టి తోలు మిగిలింది. దాని పక్కనే నాగలి ఆకారంలో రెండు కొమ్ముల కొత్త గడ్డ, గోధుమ రంగులో నిండుగా ఉంది. తువాలు మడిచి నా చేతిలో వేసి, దాని మీద ఆ గడ్డ పెట్టాడు. ఆయన చెయ్యి మాత్రం నా చేతికింద అట్లాగే ఉంచాడు.

"నువ్వడిగింది" అన్నాడు.

నేను గడ్డ వైపు చూశాను. ఒక కొమ్ము చివర అప్పుడే చిన్న కన్ను ఉంది, వచ్చే తొలకరికి.

"మళ్ళీ పెట్టేద్దాం పెదనాన్నా."

"తేలు మందో?"

"తేలు ఎవర్నీ కుట్టలేదు."

"తెలుసు. తీగ చచ్చిందాకా ఆగాలనేది కూడా వట్టిదే. నాకు అప్పటికప్పుడు అదే తోచింది" అన్నాడు. తన చెయ్యి నా చేతికింద నుంచి తీసి, "కన్ను పైకి పెట్టు. జాగ్రత్త, ఇరిగితే ఇంక మొలవదు" అన్నాడు. నేను పెట్టాను. మన్ను కప్పాక ఇద్దరినీ పంపు దగ్గరికి తీసుకుపోయి పెద్దమ్మ సబ్బుతో చేతులు కడిగించింది.

ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి ఏడు నాకు బాబు పుట్టాడు. వాడికి ఆర్నెల్లప్పుడు నరసరావుపేట వచ్చేశాం.

పదో రోజుకు మాచర్ల వెళ్ళాం. కార్యం అయి, బంధువులు బస్సులకు వెళ్ళిపోయాక పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మా ఆయన ఎదురుగా గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఆయన ఉండంగా చెప్పనియ్యలా. ఇప్పుడు చెప్తా" అంది. "నువ్వు గడ్డ అడిగావే, ఆ సాయంత్రం లోపలికొచ్చి గోడకి తిరిగి కూసున్నాడు. అన్నం తినలా. మర్నాడు ఆ కాలేసుకుని లారీ ఆఫీసు దాకా నడిచిపోయి, మీ ఆయన వచ్చిందాకా అక్కడే కూసుని, చెప్పి వచ్చాడు. హైదరాబాదు లోడ్లు మానుకుంది అందుకే."

నేను మా ఆయన వైపు చూశాను. ఇన్నేళ్ళూ ఒక్క మాట అనని మనిషి తల వంచుకున్నాడు.

"చెప్పబాకన్నాడు" అన్నాడు. "నాకు తెలిసిందని తెలిస్తే నువ్వు నా మొహం చూడలేవన్నాడు. నువ్వే ఎప్పుడన్నా చెప్తావు, చెప్పిందాకా ఉండమన్నాడు."

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పొద్దున్నే నువ్వు వాకిలి ఊడ్చే చప్పుడు వినపడితే గాని మంచం దిగేవాడు కాదమ్మా. వినపడంగానే 'లేచింది' అనేవాడు. అప్పుడు టీ పెట్టమనేవాడు. కార్తీకం దాకానే అనుకున్నా. కాదు. మీరు ఇల్లు ఖాళీ చేసిపోయిందాకా అంతే."

ఆ రోజు మేం తిరుగు బస్సు ఎక్కలేదు. మర్నాడు తెల్లవారుతూనే లేచి చీపురు తీసుకుని, ఆ వాకిలంతా ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఊడ్చాను. పెద్దమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిందాకా ఊడుస్తూనే ఉన్నాను.